ఎలక్ట్రిక్ షేవరు మోటారు, గడ్డం నునుపు: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండలో చిన్న విద్యుత్ పరికరాలు బాగుచేసే నా బల్ల దగ్గరకు షేవరు పట్టుకొని వచ్చేవారిలో చాలామంది "మోటారు వీకైంది, చూడండి" అనే మాటతోనే మొదలుపెడతారు. విప్పి చూస్తే ఎక్కువసార్లు మోటారు బాగానే ఉంటుంది. బ్యాటరీ నీరసించి గానీ, బ్లేడు మొద్దుబారి గానీ, బోరు నీళ్ల ఉప్పు పేరుకొని గానీ దాని మీద మోయలేని భారం పడుతూ ఉంటుంది. మిర్యాలగూడ, దేవరకొండ, జడ్చర్ల, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చేవారు కూడా ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ అడుగుతున్నందున, ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవడానికి వీలుగా జవాబులు ఇక్కడ కూర్చాను.

## కొనే ముందు

మోటారు వేగం ఎంత ఎక్కువుంటే గడ్డం అంత నున్నగా వస్తదా?

రాదు. డబ్బా మీద అచ్చువేసే వేగం బ్లేడు ఖాళీగా కదిలేటప్పటిది. గడ్డంలోకి దిగిన తర్వాత అందులో ఎంత మిగులుతుందన్నదే నునుపును నిర్ణయిస్తుంది. బోర్లు వేయించిన రైతులకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు: నీటి భారం లేనప్పుడు ఏ మోటారైనా హుషారుగానే తిరుగుతుంది, నాలుగు వందల అడుగుల లోతు నుంచి నీళ్లను పైకి తోసేటప్పుడే దాని బలం బయటపడుతుంది.

లెక్క వేసి చూద్దాం. బ్లేడు నిమిషానికి 8,000 సార్లు కదులుతుంటే సెకనుకు సుమారు 133 కదలికలు. చేతిని సెకనుకు 5 సెంటీమీటర్ల చొప్పున జరిపితే ఒక్కో సెంటీమీటరు చర్మం మీద దాదాపు 27 కోతలు పడతాయి. వెంట్రుకలు ఒత్తుగా ఉన్న చోట వేగం 5,000కు పడిపోతే అవి 17కు తగ్గుతాయి. తగ్గేది కోతల సంఖ్య ఒక్కటే కాదు. వేగంగా వచ్చే బ్లేడు వెంట్రుకను అక్కడికక్కడే తెంపుతుంది. నెమ్మదించిన బ్లేడు ముందు దాన్ని వంచి, రేకు (బ్లేడును కప్పి ఉండే సన్న రంధ్రాల జాలీ) అంచుకు నొక్కి, కుదురు దగ్గర గుంజి, ఆ తర్వాత గానీ తెంపదు. ఆ గుంజుడే తర్వాత మంటగా, ఎర్రటి పొక్కులుగా తేలుతుంది. అందుకే 10,000తో మొదలై గదువ దగ్గర కుంగిపోయే మోటారు కంటే, 7,000 దగ్గర నిలకడగా ఉండే మోటారు మంచి పని చేస్తుందని నేను అడిగినవారికల్లా చెబుతాను.

ఒక డబ్బా మీద 8,000 అని, ఇంకోదాని మీద 14,000 అని, మరోదాని మీద 40,000 అని రాసుంది. ఏది నమ్మాలి?

మూడూ నిజమే కావచ్చు, కానీ మూడూ కొలిచేది ఒకటే కాదు. మొదటి రకం అంకె మోటారు ఇరుసు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెబుతుంది. రెండో రకం బ్లేడు అటూ ఇటూ ఎన్నిసార్లు ఊగుతుందో చెబుతుంది. మూడో రకం అంకె బ్లేడు కదలికలను షేవరు తలలో (చర్మానికి ఆనే పై భాగంలో) ఉన్న కోత భాగాల సంఖ్యతో గుణించగా వచ్చినది. నాలుగు కోత భాగాలు నిమిషానికి 10,000 సార్లు కదిలితే 40,000 అని రాస్తారు. కాబట్టి చుట్లను చుట్లతోనే, ఊపులను ఊపులతోనే పోల్చాలి. అంకె పక్కన అది దేని లెక్కో రాయని డబ్బాను నేనైతే పక్కన పెడతాను.

లీనియర్ మోటారు అంటున్నారు. అది మామూలు మోటారుకు ఏ రకంగా వేరు?

మామూలు మోటారు గుండ్రంగా తిరుగుతుంది. జాలీ రేకు ఉండే షేవరులో బ్లేడు పక్కలకు ఊగాలి కనుక, ఇరుసు చివర మధ్య నుంచి కాస్త పక్కకు జరిపి అమర్చిన ఒక పుల్ల ఆ తిరుగుడును ఊపుగా మారుస్తుంది. ఆ పుల్ల అరిగే కొద్దీ వదులు పెరిగి, శబ్దం పెరిగి, బ్లేడుకు అందే బలం తగ్గుతుంది.

లీనియర్ మోటారులో తిరిగే ఇరుసే ఉండదు. తీగచుట్ట, అయస్కాంతం ఒకదాన్నొకటి లాగుతూ తోస్తూ బ్లేడును నేరుగా ఊపుతాయి. స్పీకరులో పలుచటి పొర ఊగేది కూడా ఈ సూత్రం మీదనే. పానాసోనిక్ సంస్థ ఈ రకం షేవర్ల మీద నిమిషానికి 13,000 లేదా 14,000 ఊపులు అని రాస్తుంది. ఇందులో కార్బన్ బ్రష్షులు (తిరిగే ఇరుసుకు కరెంటు అందించే చిన్న బొగ్గు ముక్కలు) లేవు, మధ్యలో అరిగే పుల్లా లేదు. ధర మాత్రం ఎక్కువ. బిరుసైన, ఒత్తైన గడ్డం ఉండి రోజూ గీసుకునేవారికి ఆ ధర సార్థకం. పలుచని గడ్డం వారికి దాని అవసరం లేదు.

మూడు గుండ్రటి తలలున్నది తీసుకోవాలా, జాలీ రేకున్నది తీసుకోవాలా?

మోటారు వైపు నుంచి చూస్తే రెండూ నిలబడగల పద్ధతులే. జేకబ్ షిక్ 1931లో అమెరికాలో అమ్మకానికి తెచ్చిన షేవరు బ్లేడు పక్కలకు ఊగే రకం. ఫిలిప్స్ 1939లో తిరిగే తల ఉన్నదాన్ని తెచ్చింది. తిరిగే రకంలో పళ్లచక్రాలు మోటారు వేగాన్ని తగ్గించి బలాన్ని పెంచుతాయి కనుక, రెండు మూడు రోజుల గడ్డాన్ని అది తక్కువ ఇబ్బందితో లాగిస్తుంది, శబ్దమూ తక్కువ. ఊగే రకం రోజూ గీసుకునేవారికి ఎక్కువ నునుపునిస్తుంది. అయితే గడ్డం పెరిగిన కొద్దీ దాని మోటారు మీద భారం చాలా త్వరగా పెరుగుతుంది.

ఐదు వందల షేవరులోనూ మోటారే ఉంది, ఐదు వేల దాంట్లోనూ మోటారే ఉంది. ఇంత తేడా ఎందుకు?

తేడాలో పెద్ద భాగం మోటారు కంటే దాన్ని నడిపే సర్క్యూటులో ఉంటుంది. చౌక షేవరులో బ్యాటరీ నుంచి స్విచ్చి, స్విచ్చి నుంచి మోటారు, అంతే. మామూలు డీసీ మోటారు వేగం దానికి అందే ఓల్టేజీని బట్టి ఉంటుంది కనుక, లిథియం బ్యాటరీ నిండుగా 4.2 ఓల్టుల దగ్గర ఉన్నప్పటి వేగం, 3.2 ఓల్టులకు దిగేసరికి దాదాపు నాలుగో వంతు తగ్గిపోతుంది. ఖరీదైనదానిలో సర్క్యూటు ఆ తగ్గుదలను సరిచేస్తూ చార్జింగు మొదట్లోనూ చివర్లోనూ ఒకే వేగాన్ని నిలుపుతుంది. కొన్ని నమూనాలు గడ్డం ఒత్తుగా తగిలినప్పుడు కరెంటును అప్పటికప్పుడు పెంచుతాయి. ఇరుసును పట్టి ఉంచే బుషింగు నాణ్యత, అయస్కాంతం బలం, బ్లేడు ఉక్కు ఆ తర్వాతి తేడాలు.

మా అబ్బాయి అమెరికా నుంచి తెచ్చిండు. ఇక్కడ ప్లగ్గులో పెడితే కాలిపోతదా?

అడాప్టరు మీద సన్నటి అక్షరాలతో రాసి ఉన్న ఇన్‌పుట్ వరుసను చదవండి. 100–240 ఓల్టులు అని ఉంటే పిన్ను మార్చే చిన్న ప్లగ్గు చాలు, మోటారుకు ఏమీ కాదు. 120 ఓల్టులు అని మాత్రమే ఉంటే మన 230 ఓల్టుల ప్లగ్గులో పెట్టకూడదు. వైరుతో నేరుగా నడిచే కటింగు మిషన్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. వాటిలో తీగచుట్ట కరెంటు లయకే ఊగుతుంది కనుక, ఓల్టేజీని తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు పెట్టినా అక్కడి 60 హెర్ట్‌జ్‌కు కుదిర్చిన ఊపు ఇక్కడి 50 హెర్ట్‌జ్ మీద మందగిస్తుంది.

## మొదటి నెలలో

కొత్తది, ఖరీదైనది. అయినా మంట పుడుతోంది. మోటారు మంచిది కాదా?

రేజరుకు అలవాటుపడిన చర్మం షేవరుకు అలవాటుపడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఆ వ్యవధిలో మోటారు గురించి తీర్పు చెప్పకండి. రోజు మార్చి రోజు రేజరు వాడితే ఆ అలవాటు మళ్లీ మొదటికి వస్తుంది.

గట్టిగా నొక్కితే ఇంకా నున్నగా వస్తది కదా?

నొక్కడం అంటే తిరుగుతున్న మోటారుకు బ్రేకు వేయడమే. రేకు లోపలికి వంగి బ్లేడును ఒరుసుకుంటుంది, రాపిడి పెరుగుతుంది, వేగం పడిపోతుంది, రేకు వేడెక్కుతుంది. ఆ రేకు మందం ఒక మిల్లీమీటరులో పదో వంతు కంటే తక్కువ. దాని మీద వేలి బలమంతా వేస్తే ఏమవుతుందో ఊహించండి. షేవరు బరువు మాత్రమే చర్మం మీద ఆనేలా పట్టుకొని, రెండో చేత్తో చర్మాన్ని సాగదీసి, వెంట్రుక మొలిచిన దిశకు ఎదురుగా నెమ్మదిగా జరపండి. చేతి వేగాన్ని సగానికి తగ్గిస్తే, అదే మోటారు సెంటీమీటరుకు రెట్టింపు కోతలు వేస్తుంది. పైసా ఖర్చు లేకుండా మోటారు సామర్థ్యాన్ని పెంచుకునే దారి ఇదే.

నాలుగు రోజుల గడ్డం మీద పెడితే ఆగి ఆగి తిరుగుతోంది, ఎందుకు?

పొడుగు వెంట్రుకలు రేకు రంధ్రాల్లోకి నిటారుగా దూరకుండా పడుకుంటాయి. దూరినవి ఒకేసారి గుంపుగా దూరి బ్లేడును పట్టుకుంటాయి. ముందు ట్రిమ్మరుతో పొట్టిగా కత్తిరించి, ఆ తర్వాతే షేవరు పెట్టండి.

## రోజువారీ వాడకంలో

బోరు నీళ్లతో కడుగుతున్న. అది మోటారుకు మంచిదేనా?

నీళ్లు మోటారు దాకా చేరవు, కానీ వాటిలోని ఉప్పు మోటారు మీద భారం మోపుతుంది. ఐపీఎక్స్7 అని రాసి ఉన్న షేవరు మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాల పాటు లోపలికి నీరు రానివ్వదు. అటువంటిదాన్ని కొళాయి కింద కడగడానికి భయపడనక్కరలేదు. చిక్కంతా కడిగిన తర్వాత ఆరే నీటిలో ఉంది. మన దగ్గర చాలా ఊళ్లలో బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున, బకెట్టు అంచున తెల్లటి పొర ఎలా కడుతుందో, రేకుకూ బ్లేడుకూ మధ్య కూడా అలాగే కడుతుంది.

మర్రిగూడ వైపు నుంచి ఒక పెద్దాయన తెచ్చిన షేవరు నాకు బాగా గుర్తుంది. మోటారు మార్చమని అడిగారు. తల ఊడదీసి స్విచ్చి వేస్తే మోటారు గుయ్యిమని హాయిగా తిరిగింది. తల పెట్టగానే మూలుగు మొదలైంది. బ్లేడును భూతద్దం కింద పెడితే దాని పళ్ల సందుల్లో వెంట్రుకల పొడి, సబ్బు, తెల్లటి ఉప్పు కలిసి సున్నంలా గట్టిపడి ఉన్నాయి. గోరువెచ్చని నీళ్లలో కొద్దిగా నిమ్మ ఉప్పు కలిపి, బ్లేడును, రేకును మాత్రమే అందులో ఐదు నిమిషాలు ఉంచి, మెత్తటి బ్రష్షుతో తుడిచి, మంచి నీళ్లతో కడిగి ఆరబెట్టాను. ఒక్క చుక్క నూనె వేసి మళ్లీ బిగించి మీటరు పెడితే మోటారు లాగే కరెంటు స్పష్టంగా తగ్గింది, మూలుగు పోయింది.

వీలైతే మిషన్ భగీరథ కొళాయి నీళ్లతోనో, తాగడానికి తెచ్చుకున్న క్యాను నీళ్లతోనో చివరి కడుగు కడగండి. కడిగాక తల తెరిచి నీడలో ఆరనివ్వండి. ఐపీఎక్స్ గుర్తు లేని షేవరును మాత్రం కడగకుండా బ్రష్షుతోనే శుభ్రం చేయండి.

నూనె వేయాలా? ఇంట్లో ఉన్న కొబ్బరి నూనె సరిపోతదా?

నూనె వేయాలి, కొబ్బరి నూనె వద్దు. కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల కంటే కింద గడ్డకడుతుంది. డిసెంబరు, జనవరి ఉదయాల్లో మన ఇళ్లలో సీసాలోనే పేరుకుపోతుంది. బ్లేడు మధ్య అలా పేరుకుంటే మోటారు దాన్ని చీల్చుకొని తిరగాలి. పైగా వంటకు, తలకు వాడే నూనెలు గాలి తగిలి కొన్నాళ్లకు జిగురవుతాయి. కుట్టుమిషను నూనె ఒక చుక్క, వారానికి ఒకసారి, రేకు మీద వేసి పది సెకన్లు నడిపి తుడిచేయండి. సబ్బు నురగతో గీసుకునేవారికి ఇది మరింత అవసరం, ఎందుకంటే అక్కడున్న నూనెను కూడా సబ్బు కడిగేస్తుంది.

ఎండాకాలంలో షేవరు తొందరగా దిగిపోతోంది. వేడికి మోటారు దెబ్బతింటదా?

మోటారు కంటే ముందు బ్యాటరీ దెబ్బతింటుంది. లిథియం బ్యాటరీని చార్జి చేయడానికి సాధారణంగా చెప్పే పై హద్దు 45 డిగ్రీలు. మే నెలలో నల్లగొండలో బయటి వేడే ఆ అంకెను తాకుతుంది, ఎండలో నిలిపిన కారు లోపల, బండి డిక్కీలో అయితే ఎప్పుడో దాటిపోతుంది. ప్రయాణాల్లో షేవరును డిక్కీలో వదలకండి. చార్జింగు తెల్లవారుజామున గానీ, రాత్రి ఫ్యాను కింద గానీ పెట్టండి. గీసుకున్న వెంటనే వేడిగా ఉన్నప్పుడు ప్లగ్గులో పెట్టకండి.

మా ఊళ్లో లో ఓల్టేజీ. బోరు మోటార్లు కాలిపోతుంటయి. షేవరు మోటారు కూడా కాలుతదా?

కాలదు. బోరు మోటారు లైను మీద నేరుగా నడుస్తుంది. ఓల్టేజీ పడితే ఎక్కువ కరెంటు లాగి వైండింగు మాడుతుంది. షేవరు మోటారు నడిచేది బ్యాటరీ మీద, లైనుకు తగిలేది అడాప్టరు మాత్రమే. ఓల్టేజీ బాగా పడితే చార్జింగు నెమ్మదిస్తుంది లేదా ఆగుతుంది. అసలు ప్రమాదం కరెంటు పోయి మళ్లీ వచ్చేటప్పుడు ఎగిసే ఓల్టేజీతో. కాబట్టి చార్జింగు పూర్తయ్యాక అడాప్టరు తీసేయడం మంచి అలవాటు.

## మోటారు నీరసించిందనిపించినప్పుడు

కొత్తల మంచిగ గీసింది, ఇప్పుడు వెంట్రుకలు గుంజుతోంది. తప్పు మోటారుదా, బ్లేడుదా, బ్యాటరీదా?

ముందు ఒక లెక్క. రోజుకు ఐదు నిమిషాలు వాడితే ఏడాదికి మోటారు తిరిగేది సుమారు 30 గంటలే. కార్బన్ బ్రష్షుల మోటారు కూడా వందల గంటలు తిరగగలదు. కాబట్టి రెండేళ్లకే అది అరిగిపోయిందనుకోవడం కంటే మిగతావాటిని ముందు అనుమానించడం న్యాయం. రేకును, బ్లేడును ఏడాది నుంచి రెండేళ్ల లోపు మార్చమని తయారీదారులే చెబుతారు.

పూర్తిగా చార్జి చేసి, తల ఊడదీసి స్విచ్చి వేయండి. శబ్దం చురుగ్గా, ఒకే స్థాయిలో ఉండి, తల పెట్టగానే కుంగితే తప్పు తలదే. శుభ్రం చేసి నూనె వేయండి, అప్పటికీ కుంగితే బ్లేడు, రేకు కలిపి మార్చండి. చార్జింగు నిండుగా ఉన్న రోజు బాగా గీసి, రెండో రోజుకే కుంగితే తప్పు బ్యాటరీది. పాతబడిన బ్యాటరీ లోపల నిరోధం పెరుగుతుంది, అది 0.5 ఓమ్‌కు చేరితే, మోటారు ఒక ఆంపియరు లాగినప్పుడు అర ఓల్టు లోపలే పోతుంది. 3.7 ఓల్టులలో అర ఓల్టు అంటే దాదాపు ఏడో వంతు. ఖాళీగా తిరిగేటప్పుడు బాగున్నట్టు కనిపించి గదువ దగ్గర చతికిలబడటానికి తరచుగా ఇదే కారణం.

తల లేకుండా కూడా శబ్దం ఎగుడుదిగుడుగా ఉన్నా, వేలితో కదిపితే గానీ కదలకపోయినా, మాడు వాసన వచ్చినా అప్పుడు మోటారును అనుమానించండి. బ్రష్షులు అరిగి వాటి పొడి కమ్యుటేటరు (ఇరుసు మీద బ్రష్షులు ఆనే రాగి పలకల ఉంగరం) సందుల్లో చేరితే ఈ లక్షణాలు కనిపిస్తాయి.

శబ్దం పెరిగింది కానీ గడ్డం బాగానే వస్తోంది. పట్టించుకోవాలా?

గలగలమంటే పుల్లో, పళ్లచక్రమో అరిగి వదులైంది. కీచుమంటే నూనె లేదు. కీచును ఆ రోజే సరిచేయండి, గలగలను కొన్ని నెలలు భరించవచ్చు.

బోరు మోటారుకు వైండింగు కట్టినట్టు దీనికి కట్టలేరా?

కట్టరు. తీగ వెంట్రుకంత సన్నం, మోటారు బొటనవేలంత. గింజుకొని కట్టినా తూకం తప్పి అదురుతుంది. మోటారును మొత్తంగా మార్చడమే పద్ధతి. కొత్తది తెచ్చేటప్పుడు పాతదాని ఓల్టేజీ, ఇరుసు పొడవు, మందం మూడూ కలవాలి. ఓల్టేజీ కలిసి ఇరుసు ఒక మిల్లీమీటరు పొడవైనా బ్లేడు రేకును పొడుస్తుంది.

బ్యాటరీ మార్చేటప్పుడు ఎక్కువ ఓల్టేజీది వేస్తే మోటారు ఇంకా బలంగా తిరుగుతది కదా?

దయచేసి ఆ పని చేయకండి. ఈ పని నేర్చుకుంటున్న రోజుల్లో మా నాయన షేవరుకు నేనే ఈ పొరపాటు చేశాను. దానిలో 1.2 ఓల్టుల నికెల్ బ్యాటరీలు రెండు కలిసి 2.4 ఓల్టులు ఇచ్చేవి. అవి పోతే, దొరికింది కదా అని 3.7 ఓల్టుల లిథియం బ్యాటరీ ఒకటి అతికించాను. మొదటి రోజు నాయన చెంప నిమురుకుంటూ "కొత్తదాని లెక్క ఉందిరా" అన్నారు. కొన్ని రోజులకే అది పట్టుకోలేనంత వేడెక్కి, బ్రష్షులు మాడి ఆగిపోయింది. అంతకంటే ప్రమాదమైన విషయం నాకు తర్వాత అర్థమైంది: నికెల్ బ్యాటరీల కోసం చేసిన చార్జరుకు లిథియం బ్యాటరీ 4.2 ఓల్టుల దగ్గర ఆగాలని తెలియదు. అది ఆయన తల దగ్గరే నిప్పంటుకొని ఉండేది. పాతది ఏ రకమో, ఏ ఓల్టేజీయో అదే వేయించండి. లిథియం బ్యాటరీ కొనేటప్పుడు దాని మీద బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషను గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే సంఖ్య ఉన్నాయో లేవో చూడండి.

## వారంటీ, పారవేయడం

వారంటీలో ఉండగానే మోటారు ఆగింది. బ్లేడు అరిగిందని తిప్పి పంపిండ్రు. ఏం చేయాలి?

బ్లేడు, రేకు సాధారణంగా వారంటీ కిందికి రావు, మోటారు వస్తుంది. కాబట్టి తల ఊడదీసి స్విచ్చి వేసినా మోటారు తిరగని దృశ్యాన్ని ఫోనులో తీసి, బిల్లుతో పాటు రాతపూర్వకంగా పంపండి. నోటిమాటగా చెప్పి ఊరుకోకండి. అప్పటికీ కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేయండి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం సమస్య తలెత్తిన రెండేళ్ల లోపు జిల్లా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు వేయవచ్చు. వస్తువుకు చెల్లించిన ధర ఐదు లక్షల రూపాయల లోపు అయితే ఫీజు లేదు.

పాత షేవరును చెత్త బండిలో వేయొచ్చా?

వేయకూడదు. చెత్త బండిలో నలిగి లిథియం బ్యాటరీ చిరిగితే మంట పుడుతుంది, దాన్ని చేతితో ఏరేది పారిశుద్ధ్య కార్మికులు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత పరికరాల రీసైక్లింగు బాధ్యత తయారీదారుల మీద ఉంది కనుక, ఆ సంస్థ సర్వీసు కేంద్రంలో ఇవ్వండి. అది దూరమైతే మరమ్మతు దుకాణంలో ఇవ్వండి. పాత మోటారులోని బుషింగు, పళ్లచక్రం, స్విచ్చి మరొకరి షేవరుకు పనికొస్తాయి. బ్యాటరీ విడిగా తీసి ఉంటే, రెండు కొనలకూ టేపు అంటించి తీసుకురండి.